బేసి పడితే బండి కదలదు

కాచిగూడ స్టేషన్‌లోని నిజాం రైల్వే మ్యూజియానికి మా మంచిర్యాల దోస్తును తీసుకుపోయాను. 1916 నాటి ఆ కట్టడం చూసి ముచ్చటపడ్డాడు గానీ లోపలికొచ్చాక పరుగే. కాజీపేట–బల్లార్షా లైను ముచ్చట వచ్చినప్పుడు మాత్రం ఆగాడు. 1929లో ఆ లైను పూర్తయ్యాకే ఢిల్లీ నుంచి మద్రాసుకు నేరుగా దారి పడింది. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి అన్నీ దాని మీది ఊర్లే.

"అప్పుడు సింగిల్ లైనే గదరా. అటు నుంచొకటి ఇటు నుంచొకటి బండ్లొస్తె ఎట్ల?" అన్నాడు.

ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా ఇది! బయటికొచ్చి చాయ్ తాగేదాకా నా నోరు మూతపడలేదు.

మొదట్లో చాలా సులువైన ఉపాయం ఉండేది. రెండు స్టేషన్ల మధ్య సెక్షనుకు ఒకే ఒక్క కర్ర. అది చేతిలో ఉన్న డ్రైవరే బండి తీయాలి. ఉన్నది ఒకటే కాబట్టి గుద్దుకునే మాటే లేదు. చిక్కల్లా ఒకే వైపు వరసగా రెండు బండ్లు పోవాల్సి వస్తేనే. మొదటి బండి కర్ర తీసుకుని పోయింది, రెండోది ఏం చూపించి పోవాలి? అందుకని కర్రను డ్రైవర్‌కు చూపించి, చీటీ రాసిచ్చి పంపే పద్ధతి వచ్చింది. కానీ రాకపోకలు వేళ తప్పితే కర్ర అవతలి స్టేషన్లో, బండి ఇవతలి స్టేషన్లో.

టెలిగ్రాఫ్ వచ్చాక కర్ర ఎందుకు, కబురు చాలదా అనుకున్నారు కొందరు. 1874 సెప్టెంబర్ 10 రాత్రి ఇంగ్లండులో నార్విచ్ దగ్గర థార్ప్‌లో ఆ నమ్మకం కూలింది. సంతకం పడని సందేశాన్ని గుమస్తా పంపేశాడు. రద్దు చేద్దామనుకునేసరికి రెండు రైళ్లూ ఒకే లైను మీదికి ఎదురెదురుగా వచ్చేశాయి. పాతికమంది దాకా చనిపోయారు. ఆ ప్రమాదం తర్వాత ఎడ్వర్డ్ టైయర్ 1878లో తన విద్యుత్ టాబ్లెట్ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కర్ర బదులు గుండ్రటి లోహపు బిళ్ల. రెండు స్టేషన్లలోనూ పెట్టెల నిండా బిళ్లలే, కానీ వాటిలో ఒక్కటి మాత్రమే బయటికి రాగలదు.

1880ల చివర్లో పోటీగా మరో యంత్రం దిగింది. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో ఇంజిన్ల పెద్ద ఎఫ్. డబ్ల్యు. వెబ్, సిగ్నళ్ల అధికారి థాంప్సన్ కలిసి చేసిన కర్ర యంత్రం. నేను ఈ జట్టు పక్షమే, దాచుకోను.

ఎందుకంటే అందులో లెక్కపెట్టే భాగమే లేదు. ఎన్ని కర్రలు ఎక్కడున్నాయో దానికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కర్ర బయటికొచ్చినా లోపలికి పోయినా ఆ కదలికతోనే ఒక స్విచ్ తిరుగుతుంది. లైను మీదికి పోయే కరెంటు దిశ దాంతో తలకిందులవుతుంది. మేడమెట్ల బల్బుకు కింద ఒకటి, పైన ఒకటి స్విచ్‌లుంటాయి కదా, అచ్చం అదే తర్కం. ఏ స్విచ్ నొక్కినా బల్బు స్థితి మారుతుంది. ఇక్కడ రెండు చివర్లకీ దిశ కుదిరితేనే అయస్కాంతం తాళాన్ని ఎత్తుతుంది.

అన్ని కర్రలూ లోపలున్నాయి, దిశ కుదిరింది. అవతలి స్టేషన్ మాస్టర్ ఒప్పుకుని మీట నొక్కి పట్టుకుంటే కరెంటు వస్తుంది, ఇవతల ఒక కర్ర వస్తుంది. అది రాగానే స్విచ్ తిరిగి దిశ చెడుతుంది. ఇక ఇద్దరూ ఎంత కోరుకున్నా, ఎంత పొరపడినా ఇంకో కర్ర రాదు. బండి అవతలికి చేరి కర్ర అక్కడి పెట్టెలో పడిందా, రెండో తిప్పుతో దిశ మళ్లీ కుదురుతుంది. బండి మధ్యలోంచి వెనక్కి వచ్చి కర్రను తీసిన పెట్టెలోనే పెట్టినా ఫలితం అంతే. తిప్పులు సరి సంఖ్యలో ఉంటే దారి ఖాళీ, బేసి అయితే కర్ర దారిలో ఉంది. తీగ తెగిందా, బ్యాటరీ చచ్చిందా, అసలు కర్రే రాదు. బండ్లు ఆగిపోతాయి, అంతకుమించి కీడు లేదు.

రెండు స్విచ్‌లు, ఒక బల్బుతో దీన్ని తరగతిలో చూపిస్తే ఒక పిల్లవాడు పట్టుకున్నాడు. "సార్, అన్ని బండ్లూ ఒకే దిక్కు పోతే ఒక పెట్టె ఖాళీ అయిపోద్ది గద?" అవుతుంది. అప్పుడు లైన్‌మన్ వచ్చి పెట్టె తెరిచి, రెండో స్టేషన్ నుంచి కర్రలు మోసుకొస్తాడు. ఎప్పుడూ సరి సంఖ్యలోనే. ఒక్కటి తేడా వచ్చినా రెండు స్టేషన్లూ మూగబోతాయి.

పోటీ అసలు ప్లాట్‌ఫాం మీద జరిగింది. వెబ్ గారి కర్ర రెండడుగులకు కాస్త తక్కువ, బరువైంది. పరుగెత్తే ఇంజిన్ నుంచి దాన్ని అందుకోవాలంటే ఫైర్‌మన్ భుజం జారాల్సిందే. ఆ విషయంలో బిళ్లదే గెలుపు. స్కాట్లండ్‌లో జేమ్స్ మాన్సన్ బిళ్లలు మార్చే ఇనుప చేతిని కనిపెట్టి, దానివల్ల కార్మికుల ఒళ్లు దెబ్బతినకుండా ఉంటుంది కాబట్టి పేటెంటు తీసుకోనన్నాడు. తర్వాత చిన్న కర్రలూ వచ్చాయి.

మన దేశంలో ఎక్కువగా పాతుకున్నది నీల్స్ యంత్రం. అందులో కర్రా లేదు, బిళ్లా లేదు, ఉక్కు బంతి. మీద రెండు స్టేషన్ల సంకేతాక్షరాలు, నంబరు చెక్కి ఉంటాయి. పక్క సెక్షన్ బంతి పొరపాటున ఇందులో పట్టకుండా గాడి ఆకారమే వేరుగా చేస్తారు. గంట ఒకసారి కొడితే పిలుపు, రెండు సార్లు కొడితే "లైన్ క్లియర్ ఇస్తావా", మూడు కొడితే బండి బయల్దేరింది, నాలుగు కొడితే చేరింది. తోలు సంచిలో బంతి, సంచికి బెత్తపు రింగు. పాయింట్స్‌మన్ రింగు పైకెత్తి నిలబడితే ఇంజిన్‌లోంచి చెయ్యి దూర్చి లాగేసుకుంటారు, పాత రింగు కింద పారేస్తారు.

తర్వాతి కథంతా తొందర. బంతి లేకుండా పనిచేసే బ్లాక్ యంత్రాలొచ్చాయి. చక్రాలు ఎన్ని లోపలికి పోయాయో, ఎన్ని బయటికొచ్చాయో లెక్కేసి సున్నా వస్తేనే దారి ఇచ్చే యాక్సిల్ కౌంటర్లొచ్చాయి. 2017లో నిజామాబాద్ దాకా పూర్తయిన పెద్దపల్లి లైనూ సింగిలే, బంతుల కాలం దాటాక పుట్టింది. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిడ్డ మధ్య రైల్వే మంత్రి ఎక్కిన ఇంజిన్ని ఎదుటి ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలో కవచ్ అనే రక్షణ వ్యవస్థ దానంతటదే ఆపింది.

ఇంత చెప్పాక మా వాడు చాయ్ గ్లాసు పెట్టి, "అవునుగని, డ్రైవర్ ఆ బంతి చెర్ల పారేసుకుంటె?" అన్నాడు. అప్పుడు యంత్రం పట్టు వదలదు, ఇంకో బంతి రాదు. స్టేషన్ మాస్టర్లు ఫోన్‌లో రహస్య నంబర్లు మార్చుకుని, పేపర్ లైన్ క్లియర్ టికెట్ నింపి, సంతకం పెట్టి డ్రైవర్ చేతికిస్తారు. థార్ప్‌లో ఆ రాత్రి కాగితం మీద పడని సంతకమే, ఈ టికెట్ మీద పడితే తప్ప బండి కదలదు.