కీబోర్డు మీద టీ ఒలికితే?

మీ అన్నయ్య కంప్యూటర్ ముందు కూర్చుని పరీక్షకు దరఖాస్తు నింపుతున్నాడు. పక్కనే టీ గ్లాసు. మోచెయ్యి తగిలింది. అంతే! టీ అంతా కీబోర్డు మీద ఒలికిపోయింది. అన్నయ్య గుడ్డ కోసం వంటింట్లోకి పరుగెత్తాడు. అతను చేసింది సరైన పనేనా?

కాదు! తుడవటం రెండో పని. కీబోర్డు తీగను కంప్యూటర్ నుంచి ఊడదీయటం మొదటి పని. తీగ లేనిదైతే స్విచ్ ఆపి బ్యాటరీలు తీసేయాలి. ఎందుకో చూద్దాం.

చాలా కీబోర్డులలో మీటల కింద మూడు పలుచని ప్లాస్టిక్ పొరలుంటాయి. పై పొర మీద, కింది పొర మీద విద్యుత్తు ప్రవహించే గీతలుంటాయి. అవి తాకకుండా నడిమి పొర అడ్డుగా ఉంటుంది. ఆ పొరలో ప్రతి మీట కిందా ఒక రంధ్రం ఉంటుంది. మీట నొక్కితే ఆ రంధ్రంలో పై గీత కింది గీతను తాకుతుంది. వలయం పూర్తయి కంప్యూటర్‌కు కబురు అందుతుంది.

మరి ఆ పొరల మధ్యకు టీ చేరితే? స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు అతి స్వల్పంగానే ప్రవహిస్తుంది. కాని టీలో, కుళాయి నీటిలో లవణాలు కరిగి ఉంటాయి. వాటి అయాన్లు విద్యుత్తును మోస్తాయి. అందుకే మీట నొక్కకుండానే అక్షరాలు పడవచ్చు. అంతకన్నా పెద్ద ప్రమాదం, విద్యుద్విశ్లేషణ జరిగి లోహపు గీతలు క్షయం కావటం. విద్యుత్తు ఆపితే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది.

రెండో శత్రువు చక్కెర. ఒక చిన్న ప్రయోగం చేయండి. స్టీలు పళ్ళెంలో ఒకచోట నీటి చుక్క, మరోచోట తీపి టీ చుక్క వేసి ఆరనివ్వండి. తర్వాత వేలితో తాకండి. నీటి చుక్క ఉన్నచోట తెల్లని మరక కనిపిస్తే, అవే లవణాలు! టీ చుక్క మాత్రం జిగటగా వేలికి అంటుకుంటుంది. నీరు ఆవిరైంది, చక్కెర మిగిలింది. మీటలు అతుక్కుపోయేది ఇందుకే. కాబట్టి "ఆరితే అదే బాగవుతుంది" అని ఊరుకోకూడదు.

కీబోర్డును బోర్లించి టీ కారిపోనివ్వండి. మీటల వరుసను ఫొటో తీసుకోండి. పెద్దల సాయంతో మీటలు ఊడదీసి సబ్బునీటిలో కడగండి. లోపలి జిగటను స్వేదనజలంతో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. స్వేదనజలమే ఎందుకు? అది ఆరాక లవణాలు మిగలవు కనుక! తర్వాత ఒకటి రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎక్కువ వేడి తగిలితే ప్లాస్టిక్ వంకరపోతుంది. బియ్యంలో పాతిపెట్టినా లాభం లేదు. బియ్యం చక్కెరను తీయలేదు, పైగా దుమ్ము చేరుతుంది.

ల్యాప్‌టాప్ అయితే మాత్రం మీరు విప్పవద్దు సుమా! దాని మీటల కిందే ముఖ్యమైన భాగాలూ, బ్యాటరీ ఉంటాయి. గోడ దగ్గర స్విచ్ ఆపి, ఛార్జర్ తీసి, ల్యాప్‌టాప్‌ను ఆర్పి, బోర్లించి మెకానిక్‌కు అప్పగించాలి.

ఇప్పుడు చెప్పండి. ఒలికింది టీ కాక ఉప్పు వేసిన మజ్జిగైతే, తీగ ఊడదీయటానికి ఇంకా తొందరపడాలా, నిదానించవచ్చా? ఎందుకు?