గిరి చుట్టూ 32 కిలోమీటర్లు, రాత్రికో కొలెస్ట్రాల్ బిళ్ళ

గిరి ప్రదక్షిణ మర్నాడు మా వీధిలో మెట్లు దిగేవాళ్ళని చూస్తే చాలు, ఎవరు నడిచొచ్చారో తెలిసిపోతుంది. గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆన్చుకుంటూ దిగుతారు. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలం కొండ మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండను చుట్టి మళ్ళీ అప్పన్న స్వామి పాదాల దగ్గరికి చేరేసరికి 32 కిలోమీటర్లు. చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు.

మా మావయ్య ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. గుండెకి స్టెంటు వేశాక డాక్టరు రాసిన అటోర్వాస్టాటిన్ రోజూ రాత్రి వేసుకుంటారు. ఒక ఏడాది ప్రదక్షిణ చేసి వచ్చాక ఆయనకి తొడలు, పిక్కలు పట్టేశాయి. "ఒరే, ఈ బిళ్ళే నా కాళ్ళని తినేస్తోందిరా" అన్నారు ఫోన్లో. నేను వయసు మాటలే అనుకున్నాను. ఆయన మాత్రం ఎవరికీ చెప్పకుండా బిళ్ళ మానేశారు. మూడు వారాల తరవాత మందుల డబ్బాలో స్ట్రిప్పు కదలకుండా ఉండడం చూసి అత్తయ్య పట్టుకుంది. ఆ మూడు వారాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే. స్టెంటు పడ్డ గుండెకి ఆ బిళ్ళ కాపలా.

ఆ బిళ్ళ స్టాటిన్ల కుటుంబానిది, ఆ కుటుంబం పుట్టుక బియ్యంతో ముడిపడింది. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త 6,000కు పైగా సూక్ష్మజీవుల్ని వెతికి, క్యోటోలో ఒక ధాన్యం కొట్టు బియ్యం మీద పెరిగిన నీలపచ్చ బూజులోంచి 1973లో మొదటి స్టాటిన్‌ను పట్టుకున్నారు. అమెరికాలో 1987లో లోవాస్టాటిన్ మందుగా వచ్చింది. మన ఒంట్లోని కొలెస్ట్రాల్ అంతా నేతిలోంచీ గుడ్లలోంచీ వచ్చేది కాదు, చాలా భాగం ఒళ్ళే తయారు చేసుకుంటుంది. ఆ తయారీలో ఒక ముఖ్యమైన ఎంజైమును స్టాటిన్ అడ్డుకుంటుంది. అప్పుడు కాలేయం తనకు కావలసినదాన్ని రక్తంలోంచి లాక్కుంటుంది, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ తగ్గుతుంది. మరి కాలేయంలో పని చేయాల్సిన మందుకి పిక్కలతో ఏం పని?

దీనికి జవాబు వెతికే దారిలో మనవారొకరు కనిపిస్తారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టారు. కండ గబుక్కున బిగుసుకోవడానికి కావలసిన శక్తికి అది చేతికందే నిల్వ. ఆ నిల్వను విడగొట్టి వాడుకునే ఎంజైము పేరు క్రియాటిన్ కైనేజ్. ల్యాబు కాగితం మీద సీపీకే అని రాస్తారే, అదే. కండరపు పోగులు దెబ్బతింటే ఇది రక్తంలోకి కారుతుంది. మామూలుగా రెండు వందల లోపు ఉండే అంకె, అలవాటు లేని మనిషి ఒక్కసారిగా విపరీతంగా శ్రమ పడితే, ఏ బిళ్ళా వేసుకోకపోయినా వేలల్లోకి పోవచ్చు. అందుకే ప్రదక్షిణ మర్నాడో, జిమ్‌లో బరువులెత్తిన మర్నాడో సీపీకే చేయించుకుని కంగారు పడడం అనవసరం. కొన్ని రోజులు కాళ్ళకి విశ్రాంతి ఇచ్చి చేయించుకుంటేనే ఆ అంకెకి అర్థం.

నొప్పి నిజంగా బిళ్ళదేనా? 2022లో లాన్సెట్ పత్రిక అచ్చువేసిన పెద్ద విశ్లేషణ ఒకటి, స్టాటిన్‌నీ మందు లేని ఉత్తుత్తి బిళ్ళనీ పోల్చిన 19 పరీక్షల్లో లక్షా ఇరవై వేల పైచిలుకు మందిని లెక్కగట్టింది. కండరాల నొప్పి ఉందన్నవాళ్ళు స్టాటిన్ వైపు 27.1 శాతం, ఉత్తుత్తి బిళ్ళ వైపు 26.6 శాతం! మొదటి ఏడాది కొంచెం తేడా కనిపించినా, అప్పుడు కూడా సుమారు పదిహేను ఫిర్యాదుల్లో ఒక్కటే మందు వల్ల వచ్చింది. 2020లో ఫలితాలు వచ్చిన లండన్ ప్రయోగం మరొకటి నన్ను ఇంకా కదిలించింది. ఇబ్బందులొచ్చి స్టాటిన్ మానేసిన 60 మందికి నాలుగు నెలలకు సరిపడా స్టాటిన్ సీసాలు, నాలుగు ఉత్తుత్తి బిళ్ళల సీసాలు, నాలుగు ఖాళీ సీసాలు కలగలిపి ఇచ్చారు. ఖాళీ సీసా నెలల్లో బాధ తక్కువ. తక్కిన రెండింటిలో ఇంచుమించు సమానం. అంటే ఆ బాధలో తొంభై శాతం, బిళ్ళ మింగుతున్నానన్న ఎరుకలోంచే వచ్చింది. దీన్ని పట్టుకుని 'అంతా నీ భ్రమ' అని పెద్దవాళ్ళ నోరు నొక్కితే మాత్రం నేను ఒప్పుకోను. నొప్పి నిజమే, కారణం దగ్గరే పొరపాటు.

నడకకి బిళ్ళ తోడైతే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లో చూశారు. అక్కడి నైమేఘన్ ఊళ్ళో ఏటా నాలుగు రోజుల నడక జరుగుతుంది. రోజుకి 30 నుంచి 50 కిలోమీటర్లు, మన ప్రదక్షిణ లాంటిది నాలుగు రోజులు వరసగా అన్నమాట. స్టాటిన్ వేసుకుంటూ నొప్పులున్నవాళ్ళనీ, నొప్పుల్లేనివాళ్ళనీ, అసలు వేసుకోనివాళ్ళనీ కలిపి పరిశీలించారు. క్రియాటిన్ కైనేజ్ అందరిలోనూ పెరిగింది, మూడు గుంపుల్లోనూ ఒకేలా పెరిగింది. ఈ ఫలితం 2023లో వచ్చింది. అయితే బోస్టన్ మారథాన్ పరుగు తీసినవాళ్ళలో మాత్రం స్టాటిన్ వేసుకునేవారికి ఆ అంకె మిగతావారికన్నా ఎక్కువైంది. ఏటవాలుగా కిందికి నడిపించిన ప్రయోగంలోనూ అంతే. నడక వేరు, ఒళ్ళు విరిచే శ్రమ వేరు.

ఈ ఏటవాలు సంగతి విశాఖ వాళ్ళకి బాగా పట్టాలి. కైలాసగిరి మెట్లు ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు గానీ, కండని గాయపరిచేది దిగడమే. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువు మోస్తుంది, పోగులు తెగేది అప్పుడే. స్టాటిన్ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు, మోతాదు పెంచుకున్నవాళ్ళు మొదటి వారాల్లో బీచ్ రోడ్డు లాంటి చదును మీదే నడవడం మేలు. దూరం వారానికి కొంచెం కొంచెం పెంచుకుంటూ, తరవాత కొండలకి వెళ్ళొచ్చు.

రెండో జాగ్రత్త ఉక్క విషయంలో. సముద్రపు తేమలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్ల దగ్గరో పోర్టు జెట్టీ మీదో ఎండలో షిఫ్టు చేసినవాళ్ళు అదే సాయంత్రం జిమ్‌కి పోవడం నాకు నచ్చదు. నీరు తగ్గిన ఒంట్లో దెబ్బతిన్న కండల చెత్తంతా కిడ్నీల మీద పడుతుంది. జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడూ ఇదే మాట. దగ్గుకో గొంతుకో క్లారిత్రోమైసిన్ రాస్తే, స్టాటిన్ వేసుకుంటున్నానని డాక్టరుకి ముందే చెప్పాలి. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ లాంటివి దానితో కలిస్తే రక్తంలో పేరుకుపోతాయి. థైరాయిడ్ తక్కువున్నా కండలకి ముప్పు ఎక్కువే.

వ్యాయామం నొప్పి ఒకటి రెండు రోజులకి ముదిరి, నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. అలా కాక, నొప్పి రెండు తొడల్లోనూ, రెండు భుజాల్లోనూ సమానంగా, నడిచినా నడవకపోయినా వారాల తరబడి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మోతాదు తగ్గించడానికో, మరో స్టాటిన్‌కి మార్చడానికో దారులున్నాయి. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవలేకపోయినా, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారినా తెల్లవారేదాకా ఆగొద్దు. బిళ్ళ ఆపి, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళాలి. ఇలా కావడం చాలా అరుదు, లక్ష మందిలో ఏడాదికి ఇద్దరు ముగ్గురికి. కానీ కిడ్నీలు పోయేది అలాగే.

మావయ్య మళ్ళీ బిళ్ళ మొదలుపెట్టారు. డాక్టరుని అడిగి, మరుసటి ఏడాది చైత్రంలోనే బీచ్ రోడ్డు మీద నడక ఎత్తుకున్నారు. మొదటి వారం రెండు కిలోమీటర్లు, జ్యేష్ఠం వచ్చేసరికి పన్నెండు. ప్రదక్షిణనాడు మజ్జిగా నీళ్ళూ తాగుతూ, ఇసుకతోట దగ్గర అరగంట కూర్చుని, తెల్లారాక గోపాలపట్నం దాటారు. మర్నాడు పిక్కలు పట్టాయి. నాలుగో రోజుకి వదిలాయి. అత్తయ్య స్ట్రిప్పు లెక్కపెట్టింది, ఒక్క బిళ్ళా మిగల్లేదు.