చిత్రములోని కుక్కకూన

1993లో వెలువడిన 'బీతోవెన్స్ సెకండ్' అను ఆంగ్ల హాస్యచిత్రమును మొన్న మా బిడ్డలు చూచిరి. నాలుగు కుక్కకూనలు ఇల్లెల్ల తలక్రిందులు చేయుచుండ విరగబడి నవ్వి, అట్టి కూననే కొనుమని మారాము చేసిరి.

ఆ సెయింట్ బెర్నార్డు జాతి ఆల్ప్సు మంచుకొండలది. కల్లములలో మిరపకాయలెండు మన గుంటూరు వేసవిని ఆ దట్టపు బొచ్చుతో అదెట్లోర్చును? 1996లో '101 డాల్మేషియన్స్' చూచి ముచ్చటపడి ఆ జాతి కూనలను కొన్న అమెరికావారు పలువురు పిదప వానిని వదిలించుకొనిరి. నవ్వు రెండు గంటలది. కుక్క బ్రతుకు పదేండ్లది.

మా వీధి వేపచెట్టు క్రింద ఒక ఊరకుక్క ఈనినది. తల్లి కఱచునేమోయని బిడ్డలు దూరముననే గంజి యుంచి వచ్చుచున్నారు. పాలు మఱచిన పిదప ఒక కూనను తెచ్చి, మూడు మాసములు నిండగనే పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయింతుము. మన యెండ దానికి క్రొత్త గాదు.