సిలిండర్ దగ్గర మొహమాటమా?

"సిలిండర్ ఇక్కడి నుంచే పట్టుకెళ్తావా నాన్నా?" థాయ్‌లాండ్‌లో స్కూబా డైవింగ్ కోసం బ్యాగ్ సర్దుతుంటే అమ్మ అడిగింది. సికింద్రాబాద్‌లో మా ఇంట్లో సిలిండర్ అంటే ఆమె డిపార్ట్‌మెంటే. గ్యాస్ బండ రాగానే సీల్ చూస్తుంది, తూకం వేయిస్తుంది, బండ మీదుండే టెస్ట్ గడువు కూడా చదువుతుంది. డెలివరీ అబ్బాయి ఎంత తొందరపెట్టినా వదలదు.

"అక్కడే ఇస్తారమ్మా" అన్నా నవ్వుతూ.

పట్టుకెళ్దామన్నా కుదరదు మరి. గాలి నింపిన ట్యాంక్‌ని విమానం ఎక్కించనివ్వరు. ఖాళీదైతే వాల్వ్ విప్పేసి, లోపలేమీ లేదని కనిపించేలా ఉంచాలి. అప్పుడు కూడా ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి. పైగా ఎక్కువమంది వాడే అల్యూమినియం ట్యాంక్ ఖాళీగానే దాదాపు 14 కిలోలు! అందుకే మాస్క్, రెగ్యులేటర్ సొంతవి తీసుకెళ్లేవాళ్లు కూడా ట్యాంక్ మాత్రం అక్కడే తీసుకుంటారు. చాలాచోట్ల డైవ్ ఫీజులోనే కలిపేస్తారు.

అండమాన్‌లో కోర్స్ పూర్తిచేశాక నాకిదే తొలి విదేశీ డైవ్. ఊరు కో తావ్ దీవి. పడవలో ట్యాంకులన్నీ బిగించి రెడీగా పెట్టారు. గేజ్ చూశా, 200 బార్. వాల్వ్ పూర్తిగా తెరిచారో లేదో కూడా చూసుకోవాలని కోర్స్‌లో నేర్పారు. కానీ అందరూ దూకేస్తున్నారు. అనుభవమున్న గైడ్ ముందు అనుమానపడితే ఏమనుకుంటాడో అని మొహమాటం. నేనూ దూకేశా.

పన్నెండు మీటర్ల లోతు దాటాక ఊపిరి బరువెక్కింది. నలిగిపోయిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగుతున్నట్టుంది. పీల్చినప్పుడల్లా గేజ్‌లో ముల్లు ఢమాల్న పడి, మళ్లీ లేస్తోంది. గుండె గొంతులోకొచ్చింది. గైడ్‌కి సైగ చేశా. అతను వెనక్కొచ్చి వాల్వ్ తిప్పాడు. హమ్మయ్య, గాలి! వాల్వ్ కొంచెమే తెరిచి ఉందట.

మరి పైన బాగానే పనిచేసిందిగా? అక్కడే ఉంది లెక్క. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు, ఇరవైలో మూడు రెట్లు. ప్రతి శ్వాసకీ అన్ని రెట్ల గాలి కావాలి. 11 లీటర్ల ట్యాంక్‌లో 200 బార్ అంటే సుమారు 2,200 లీటర్ల గాలి (ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే). పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఇరవై మీటర్ల లోతులో 60 లీటర్లు కావాలి. 50 బార్ మిగుల్చుకుని పైకి రావాలంటే అరగంట కూడా రాదు.

అందుకే ఇప్పుడు ట్యాంక్ చేతికి రాగానే ఇవి చూస్తా:

* భుజం భాగంలో చెక్కిన టెస్ట్ తేదీ. గడువు దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ఐదేళ్లు.
* గాలికి వాసన, రుచి ఉండకూడదు. ఆయిల్ కంపో, పొగ కంపో వస్తే వేరేది అడగడమే.
* వాల్వ్ పూర్తిగా తెరిచి, గేజ్ చూస్తూ నాలుగైదుసార్లు పీల్చాలి. ముల్లు ఊగకూడదు.
* సొంత రెగ్యులేటర్ ఉంటే, అక్కడి వాల్వ్ డిన్ రకమో, యోక్ రకమో బుకింగ్‌లోనే కనుక్కోవాలి. తేడా ఉంటే అడాప్టర్ కావాలి.

మొత్తం రెండు నిమిషాల పని. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా పర్లేదు, ఊపిరి మనది కదా!

వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. అలాగే ఆగి ఇంటికొచ్చా. అమ్మ మొదటి ప్రశ్న: "అక్కడ సిలిండర్ చూసే తీసుకున్నావా?"

"రెండో రోజు నుంచి చూశానమ్మా."