చింతపండు తొందరపడితే

రండర్రా, అరుగు మీద సర్దుకుని కూర్చోండి. చిట్టితల్లీ, నువ్వు కాస్త ముందుకి రా, వచ్చే నెల నుంచి హైదరాబాదులో సొంతంగా వండుకుంటానన్నావుగా, ఇదంతా నీ కోసమే. వంట అనగానే అందరూ ఏమేం వేశారని అడుగుతారు. నన్నడిగితే, ఏది ముందు వేశారు, ఏది వెనక వేశారని అడగాలి. మీ నాయనమ్మకి ఆ వరస చేతికే తెలుసు. ఎందుకలా అని అడిగితే మాత్రం ‘అదంతే’ అంటుంది. ఆ ‘అదంతే’ సంగతేమిటో కాస్త విప్పి చూద్దాం.

ముందు పప్పు. కందిపప్పూ చింతపండు రసమూ ఒకేసారి గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టావనుకో, ఎంతసేపు మరిగినా పప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. కందిబద్ద లోపల కంటికి కనపడనంత చిన్న చిన్న అరలు బోలెడుంటాయి. వాటిని ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురుని పెక్టిన్ అంటారు. మన పాత పశువుల పాక గోడ గుర్తుందా? ఇటుకల మధ్య మట్టి వానకి కరిగి గోడ జారిపోయిందే, అలాగే వేడినీళ్ళలో పెక్టిన్ కరిగితే బద్ద మెత్తబడి చిదికిపోతుంది. పులుపు తగిలిందా, ఆ పెక్టిన్ కరగనని భీష్మించుకుంటుంది. అందుకని పప్పు ఉడికి, పప్పుగుత్తి కింద మెత్తగా నలిగాకే చింతపండు రావాలి.

ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదని కూడా అంటారు. అది పాపం ఉప్పు మీద వేసిన నింద. పులుపు తర్వాత అసలు అడ్డం పడేది నీళ్ళలోని కాల్షియం. కొన్ని బోరు నీళ్ళలో అది మరీ ఎక్కువ. పెక్టిన్‌ని పట్టుకుని ఇంకా బిగించేస్తుంది. మన బెజవాడలోంచి బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ పారుతున్నాయి కదా, ఆ కాలవ నీళ్ళతోనే డెల్టాలో చాలా ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నింపేవాళ్ళు. ఆ చెరువు నీళ్ళకైతే పప్పు వెన్నలా ఉడుకుతుందని, బోరు నీళ్ళకి ఉడకదని మా అమ్మ బిందె చంకనెత్తుకుని చెరువుకే వెళ్ళేది. నీకు హైదరాబాదులో చెరువెక్కడుంది? ఫిల్టరు నీళ్ళు పోసి, ముందుగా నానబెట్టి, కుక్కర్లో పెట్టుకో. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గరే మరుగుతూ కూర్చుంటాయి. కుక్కర్లో ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరిగి, వేడి దాదాపు 120 డిగ్రీల దాకా వెళ్తుంది. వంటసోడా మాత్రం వెయ్యకు. పప్పు ఇట్టే మెత్తబడుతుంది, నిజమే. కానీ బి1 విటమిన్ నాశనమవుతుంది, రుచీ చెడుతుంది.

పులుపుది మొండితనమే అనుకోండి, అదీ ఒక్కోచోట కావాలి. బెండకాయ పులుసులో ముక్క ముక్కగా నిలబడేది, జిగురు తగ్గేది ఆ చింతపండు చలవే.

అన్నం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. మనం తినే సాంబమసూరి మన డెల్టాలోనే, బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టింది. 1986లో విడుదలైన ఆ వంగడాన్ని రైతులు ఇప్పటికీ బీపీటీ 5204 అనే పిలుస్తారు. కొత్త బియ్యమైతే ఎసరు తగ్గించు, లేకపోతే ముద్దవుతుంది. ఏడాది నిలవున్న బియ్యమైతే నీళ్ళు ఎక్కువ పీల్చుకుని పొడిపొడిగా వస్తుంది.

ఇక నాకు భలే ఇష్టమైన సంగతి, ఆవాలు. ఒక ఆవగింజని నమలకుండా మింగి చూడండి, ఏమీ అనిపించదు. నమిలితే ఘాటు. ఎందుకంటే ఆ ఘాటు గింజలో తయారుగా ఉండదు. దానికి కావలసిన సరుకు ఒక అరలో, దాన్ని ఘాటుగా మార్చే ఎంజైము ఇంకో అరలో విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి, తడి తగిలితేనే రెండూ కలిసి ఘాటు పుట్టిస్తాయి. ఆ ఎంజైము వేడికి తట్టుకోలేదు. అందుకే పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయి, ఆవకాయలో పచ్చి ఆవపిండి ముక్కుకెక్కుతుంది. పనసపొట్టు కూర, కంద బచ్చలి కూర చేసినప్పుడు మీ నాయనమ్మ గిన్నె దించి, కాస్త చల్లారాక గానీ ఆవముద్ద కలపదు, చూశారా? పొయ్యి మీదుండగానే కలిపితే ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. కూరకి ‘ఆవ పెట్టడం’ తెలిసినవాళ్ళ చేతి వంట తినడం ఓ భోగం, నా మాట నమ్మండి.

పోపులోనూ వరస ఉంది. శనగపప్పు, మినప్పప్పు ఎర్రబడటానికి టైము పడుతుంది కాబట్టి నూనెలో అవి ముందు. తర్వాత ఆవాలు. వాటి లోపలి తడి ఆవిరై పొట్టుని పగలగొట్టుకుని బయటికి రావడమే ఆ చిటపట. ఆ వెనక జీలకర్ర, ఎండుమిర్చి. మెంతులు వేస్తే కన్నార్పకుండా చూసుకోవాలి, మాడితే కూరంతా చేదే. చివర్లో ఇంగువ, కరివేపాకు. వీటి వాసనలు నీళ్ళలో కన్నా నూనెలో బాగా కరుగుతాయి, ఆ నూనె చారంతా పరుచుకుంటుంది గనకనే ఒక్క గరిటె పోపుకి ఇల్లంతా ఘుమఘుమలాడేది.

మిరపకారానికీ నూనే చుట్టం, నీళ్ళు కాదు. ఆవకాయన్నం తిని నోరు మండిందని గ్లాసులకి గ్లాసులు నీళ్ళు తాగుతారే, ఆ మంట నీళ్ళతో పోదు. ఓ వెన్నముద్దో, గడ్డపెరుగు ముద్దో నోట్లో వేసుకోండి.