నూరులోంచి ఏడు తీస్తే...

నూరులోంచి ఏడు తీసెయ్యండి. వచ్చినదానిలోంచి మళ్ళీ ఏడు, అందులోంచి మళ్ళీ ఏడు. కాగితం ముట్టుకోకూడదు. 93, 86, 79, 72, 65. మనిషి ఏకాగ్రత ఎలా ఉందో తెలుసుకోవడానికి డాక్టర్లు పెట్టే పరీక్షల్లో ఇదొకటి. ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి 1975లో ప్రచురించిన 30 మార్కుల జ్ఞాపకశక్తి పరీక్షలో దీనికి 5 మార్కులు.

మూడో తరగతి తీసివేతలో పరీక్ష ఏముంది అనుకుంటాం. స్టడీ అవర్‌లో ఒకరినొకరం అడిగి చూసుకున్నాం. లెక్కల్లో మంచి మార్కులు వచ్చేవాళ్ళు కూడా 79 దగ్గరో 72 దగ్గరో "ఆగండి, ఇప్పుడెంత అన్నాను?" అన్నారు. అసలు సంగతి అక్కడే ఉంది. తీసివేత రాక కాదు, ఇంతకుముందు వచ్చిన జవాబు చెయ్యి జారిపోయింది.

నోటిలెక్కలో మన బుర్ర ఒకేసారి రెండు పనులు చేయాలి. 37ను 6తో గుణించాలంటే ముప్పై ఆర్లు 180 అని పక్కన పెట్టుకోవాలి. తర్వాత ఏడు ఆర్లు 42 తెచ్చి కలిపితే 222. ఆ 42 తెచ్చేలోపు 180ని పట్టుకొని ఉండటమే కష్టం. ఆ క్షణంలో భోజనం గంట కొట్టారా, 180 పోయినట్టే! కాగితం మీద చేసేటప్పుడు ఆ పట్టుకొనే పని కాగితమే చేస్తుంది. మనసులో ఇలా తాత్కాలికంగా నిలుపుకొనే చోటు చాలా చిన్నది. దానిలో ఏడు, అటూ ఇటూ రెండు అంశాలు పడతాయని 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. తర్వాతివారు నాలుగే అన్నారు.

ఎక్కాలు కంఠతా వచ్చినవాడికి ఏడు ఆర్లు ఎంతో వెతుక్కునే పని ఉండదు కాబట్టి ఆ చిన్న చోటు ఖాళీగా ఉంటుంది. సార్లు ఎక్కాలు అప్పజెప్పించుకునేది ఊరికే కాదన్నమాట. ఏడు తీయడం కష్టమైతే పది తీసి మూడు కలపండి.

అయితే ఒక్క తప్పు చెప్పగానే "వీడికి బుర్ర లేదు" అనేస్తారే, అది అన్యాయం. 2005లో వచ్చిన మోకా అనే మరో పరీక్షలో ఒకరు 92, 85, 78, 71, 64 అన్నారనుకోండి. ఒక్కటే తప్పు కింద లెక్క. 92 తప్పే గాని, అక్కడినుంచి ఏడేసి సరిగ్గానే తీశారు కదా. డాక్టర్లు చూపే ఈ పాటి న్యాయం మన తరగతి గదుల్లో కూడా ఉండాలి.

ఇంట్లో పెద్దవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మా నానమ్మలు, అమ్మమ్మలు చాలామంది బడి గడప ఎక్కలేదు. కూలి డబ్బు ఎవరికెంత రావాలో నోటితో చెప్పేస్తారు గాని, నూరులోంచి ఏడేసి తీయమంటే తికమకపడతారు. అది మతిమరుపు కాదు, అలాంటి లెక్క అలవాటు లేకపోవడం. వాళ్ళను శనివారం నుంచి వారాల పేర్లు వెనక్కి చెప్పమనవచ్చు. పట్టుకొనే పని దానిలోనూ ఉంది, చదువుతో పని లేదు. దానిలో తడబడినా జబ్బు అని మనం తేల్చకూడదు. నిద్ర చాలకపోయినా, దిగులున్నా, చెవి సరిగా వినపడకపోయినా తడబాటు వస్తుంది. తేల్చవలసింది డాక్టరే.

మీ హాస్టల్‌లో ఆడుకోవాలంటే ఒక చిక్కుంది. రెండు రోజులకే 93, 86, 79 అనేది పాటలా కంఠతా వచ్చేస్తుంది, ఇక అందులో పరీక్ష ఉండదు. అందుకని మొదలుపెట్టే అంకె రోజుకొకటి మార్చండి. ఇవాళ 104 నుంచి, రేపు ఇంకో అంకె నుంచి.