తెలివి ఎవరికి తక్కువ? - ప్రయోగం, పరిశీలనల గురించి ఒక మాట

"మాదిగ పిలగాండ్లకు లెక్కలు తలకెక్కవు." గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో బడికి పోయిన మనలో చాలామంది విన్న మాటే ఇది. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. ఈ మాట వినుకుంటనే చదివిన. దీనికి కోపం ఒక జవాబు, రుజువు ఇంకో జవాబు. మనసును కొలిచే రుజువు ఎట్లా వస్తదో తెలియాలంటే ప్రయోగం, పరిశీలన అనే రెండు పద్ధతులు తెలియాలి.

ప్రయోగమంటే ఒక్క పరిస్థితిని మార్చి, మిగతావన్నీ ఒకే తీరుగ ఉంచి, ఫలితం చూడటం. ఎవరు ఏ గుంపులో ఉండాలో చీటీలు తీసినట్టు నిర్ణయించాలి. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్‌లో చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. 321 మంది అగ్రకులాల మగపిల్లలకు, 321 మంది దళిత మగపిల్లలకు చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చారు. కులం ఊసెత్తనిచోట రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. విప్పిన ప్రతి పజిల్‌కు ఇంత అని డబ్బిస్తూ, అందరి ముందు కులం చదివి వినిపించినచోట మాత్రం దళిత పిల్లలు విప్పినవి దాదాపు నాలుగో వంతు తగ్గాయి. పజిళ్ళు అవే. మారింది కులాన్ని చాటడం ఒక్కటే.

"ఎస్సీ పిల్లలు లేచి నిలబడండ్రి, స్కాలర్‌షిప్ ఫారాలున్నయి" అని తరగతిలో పిలిచే సార్లు ఈ ఫలితాన్ని గుర్తు పెట్టుకోవాలి. ఫారం విడిగా పిలిచి కూడా ఇయ్యొచ్చు.

అయితే పజిల్ ఒక్కటే బతుకు కాదు. ఆ ప్రయోగంలో ఆడపిల్లలు లేరు. పైగా, అట్లా కులం చాటి చూద్దామని మన పిల్లల మీద మళ్ళీ ప్రయోగం చేయనక్కర లేదు. ఇక్కడ పరిశీలన కావాలి. అంటే దేన్నీ మార్చకుండా, జరిగేదాన్ని జరిగినట్టు చూసి రాయడం.

వనపర్తి దగ్గర ఒక ఊరి హోటల్లో రెండు గ్లాసుల సంగతి అడిగిన. "ఇప్పుడట్లాంటియి లేవు సార్" అన్నరు. రెండు గంటలు కూర్చున్న. కొందరికి గాజు గ్లాసు, కొందరికి తాగి పారేసే గ్లాసు. ఎవరికి ఏదో ఎవరూ చెప్పాల్సిన పని లేదు. అడిగితే రానిది చూస్తే వచ్చింది.

కానీ ఒక్కపూట చూసి తీర్పు చెప్పొద్దు. ఏం లెక్కబెట్టాలో ముందే రాసుకోవాలి. ఇద్దరు విడివిడిగా చూసి, రాతలు పోల్చుకోవాలి. ఎవరో చూస్తున్నరంటే మనుషుల నడత మారుతది. అందుకే చాలా రోజులు చూడాలి. చూసింది వేరు, ఊహించింది వేరు అని రాయాలి. పిల్లల పేర్లు బయట పెట్టొద్దు.

మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నరు? నీళ్ళు ఎవరు తెస్తున్నరు? బడి ఎవరు ఊడుస్తున్నరు? ఒక నెల నోటుబుక్కులో రాయండి. లెక్కలు తలకెక్కవన్న మాట మళ్ళీ వినపడితే ఆ నోటుబుక్కు తెరిచి ముందర పెట్టొచ్చు.